గేరు లేని లైసెన్సుతో విదేశాల్లో గేరు బండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

నాగార్జునసాగర్ కట్ట దాకానో, మన్ననూరు అడవి దాటి శ్రీశైలం దాకానో బండి మీద వెళ్లి రావడాన్నే పెద్ద ప్రయాణంగా చెప్పుకున్న తరం మాది. ఇప్పుడు మన నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలు హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేయగానే థాయ్‌లాండుకో, వియత్నాంకో, శ్రీలంకకో వెళ్లి, రోజుకు ఇంతని అద్దె కట్టి మోటారు సైకిలు తీసుకుని, కొండలూ సముద్రతీరాలూ తిరిగి వస్తున్నారు. చదువు కోసం ఇంగ్లండుకో జర్మనీకో వెళ్లినవాళ్లు అక్కడే బండి కొనుక్కుంటున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు; కాళ్లలో బలం ఉన్నప్పుడే తిరగాలి. అయితే జేబులో ఉన్న లైసెన్సు ఏ బండికి ఇచ్చినదో, ఏ బండికి ఇవ్వనిదో చూసుకోకుండా బయలుదేరినందువల్ల మా కుటుంబానికి జరిగిన నష్టాన్నీ, దాని వెనుక ఉన్న నిబంధనలనూ మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకుకు 26 ఏళ్లు. ఇంటరు పూర్తయి పద్దెనిమిదేళ్లు నిండగానే తల్లి స్కూటీ తీసుకుని వెళ్లి పరీక్ష ఇచ్చి లైసెన్సు తెచ్చుకున్నాడు. తరువాత కారు నేర్చుకుని దాన్నీ చేర్పించుకున్నాడు. కాబట్టి అతని కార్డులో గేరు లేని మోటారు సైకిలు, కారు అనే రెండు రకాలే ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక 350 సీసీ బండి కొన్నాడు. దాని మీద ప్రతి శనివారం రాత్రి హైదరాబాదు నుంచి నార్కట్‌పల్లి మీదుగా ఇంటికి వచ్చి, సోమవారం తెల్లవారుజామున తిరిగి వెళ్లేవాడు. అమ్మినవాళ్లు గానీ, దారిలో ఆపిన పోలీసులు గానీ కార్డు ఉందా లేదా అని చూశారే తప్ప, అందులో ఏ రకం రాసి ఉందో ఎవరూ చదవలేదు. నిజం చెప్పాలంటే మేమూ చదవలేదు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయవద్దని హెచ్చరించిన నేను, ఇంట్లోని కార్డు వెనుక ఏముందో ఒక్కనాడూ తిప్పి చూడలేదు.

గత డిసెంబరులో స్నేహితులతో కలిసి థాయ్‌లాండు వెళ్లాడు. జాగ్రత్త లేనివాడు కాదు: ఆర్టీఏ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అందరూ ఐడీపీ అనేది, ముందుగానే తీసుకున్నాడు, ప్రయాణ బీమా కూడా చేయించుకున్నాడు. చియాంగ్ మాయ్ నగరంలో 300 సీసీ గేరు బండి అద్దెకు తీసుకుని, పాయ్ అనే కొండ ఊరికి బయలుదేరాడు. ఆ దారిలో 762 మలుపులు ఉన్నాయని అక్కడ బనియన్ల మీద కూడా అచ్చు వేసి అమ్ముతారట. థాయ్‌లాండులో మన మాదిరిగానే ఎడమ పక్క నడవాలి కనుక దారి కొత్తగా అనిపించలేదనీ, దోమలపెంట ఘాట్ రోడ్డు మీద తిరిగిన ధైర్యం ఉండిందనీ చెప్పాడు. ఒక మలుపులో కంకర మీద చక్రం జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. చియాంగ్ మాయ్ ఆసుపత్రిలో రాడ్డు వేశారు. శిరస్త్రాణం పెట్టుకుని ఉన్నాడు కనుక తలకు దెబ్బ తగలలేదు.

బీమా సంస్థ వాళ్లు ఆసుపత్రి బిల్లులతో పాటు ఐడీపీ, అసలు లైసెన్సు కార్డు రెండు వైపులా నకళ్లు, అద్దె బండి కాగితాలు అడిగి తెప్పించుకున్నారు. పది రోజుల తరువాత జవాబు వచ్చింది. బీమా చేయించుకున్న వ్యక్తికి తన దేశంలో ఏ రకం వాహనం నడిపే అర్హత ఉందో ఆ రకం వాహనం నడిపినప్పుడు మాత్రమే ఈ పాలసీ వర్తిస్తుందనీ, అతనికి గేరు ఉన్న మోటారు సైకిలు నడిపే అర్హత లేదనీ, అందువల్ల చెల్లించలేమనీ దాని సారాంశం. ఆసుపత్రి ఖర్చు, బండి మరమ్మతు, పడుకోబెట్టి తీసుకురావడానికి విమానంలో అదనపు సీట్లు అన్నీ కలిపి ఆరు లక్షల దాకా అయింది. మా బావగారు చెలక మీద అప్పు తెచ్చి కట్టారు. బీమా వాళ్లు మోసం చేశారని ఇంట్లో అందరూ అన్నారు. పాలసీ కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివాక నేను మాత్రం ఆ మాట అనలేకపోయాను. షరతు మొదటి నుంచీ అందులోనే ఉంది.

మేనల్లుడిని అడిగితే, "ఐడీపీల ఎ అని ముద్ర ఉంది గద మామా, ఎ అంటే మోటార్ సైకిల్ అని కిందనే రాసిండ్రు, అన్ని బండ్లు నడపొచ్చు అనుకున్న" అన్నాడు. అతను అనుకున్నదానిలో తర్కం లేకపోలేదు. చిక్కంతా ఆ ముద్రలోనే ఉంది కనుక దాన్ని కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి.

మన మోటారు వాహనాల చట్టం, 1988లోని 10వ సెక్షను ద్విచక్ర వాహనాలను గేరు లేనివి, గేరు ఉన్నవి అని రెండుగా విడదీసింది. కార్డు మీద మొదటిదాన్ని ఎం.సి.డబ్ల్యూ.ఓ.జి. అనీ, రెండోదాన్ని ఎం.సి.డబ్ల్యూ.జి. అనీ అచ్చు వేస్తారు. మధ్యలో ఉన్న ఒక్క 'ఓ' అక్షరమే రెంటికీ తేడా. అదే చట్టంలోని 3వ సెక్షను ప్రకారం లైసెన్సు ఉంటే చాలదు, నడుపుతున్న వాహనానికి అధికారం ఇచ్చే లైసెన్సు ఉండాలి. కారు లైసెన్సు ఉన్నవాడు దానితోనే మోటారు సైకిలు నడపవచ్చని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు; అదీ సరికాదు. ఇక ఐడీపీ సంగతి. భారతదేశం ఇచ్చే ఐడీపీ 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒడంబడిక ప్రకారం తయారయ్యేది. ఆ ఒడంబడికలో మన దేశం 1962లో చేరింది. అందులో వాహనాలకు ఎ నుంచి ఇ దాకా అయిదే గడులు ఉన్నాయి. ఎ గడిలో మోటారు సైకిళ్లతో పాటు, వికలాంగుల బండ్లూ, 400 కిలోల బరువు మించని మూడు చక్రాల బండ్లూ అన్నీ కలిసే ఉన్నాయి. గేరు ప్రస్తావన లేదు, సీసీ ప్రస్తావన లేదు. 1949 నాటి లెక్కకు అది సరిపోయి ఉండవచ్చు. మన కార్డులో రెండుగా ఉన్నది ఆ పుస్తకంలోకి వెళ్లేసరికి ఒక్క ముద్రగా మారిపోతుంది. మన కార్డు విధించిన పరిమితి ఆ ముద్రలో కనబడదు గానీ పోదు. ఎందుకంటే ఐడీపీ వేరే లైసెన్సు కాదు, ఇక్కడి లైసెన్సుకు ఇతర దేశాల వాళ్లు చదువుకోగలిగే రూపం మాత్రమే. అసలు కార్డు వెంట లేకపోతే దానికి విలువ లేదు. అసలు కార్డులో లేని అర్హతను అది ఇవ్వలేదు. దారిలో ఆపిన పోలీసు ముద్ర చూసి పంపించవచ్చు. డబ్బు చెల్లించవలసిన వాడు మాత్రం కార్డు తిప్పి చూస్తాడు.

ఇంట్లో ఉన్నన్నాళ్లు ఈ పరిమితి మనకు ఎందుకు తగలదన్న ప్రశ్నకు నాకు తోచిన కారణం ఒకటి ఉంది. మన దేశంలో రోడ్డు ప్రమాదం జరిగి బాధితుడు కోర్టుకు వెళ్లినప్పుడు, నడిపినవాడి లైసెన్సులో లోపం ఉందన్న ఒక్క కారణంతో బీమా సంస్థ తప్పించుకోలేదు. 2004 జనవరిలో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని విపులంగా చర్చించి, లైసెన్సు లోపమే ప్రమాదానికి ప్రధాన కారణమని సంస్థ రుజువు చేయాలనీ, తగిన సందర్భాల్లో ముందు బాధితుడికి చెల్లించి ఆ తరువాత వాహన యజమాని దగ్గర వసూలు చేసుకోవాలనీ చెప్పింది. దారిన పోయేవాడిని కాపాడడానికి ఇచ్చిన న్యాయమైన తీర్పు అది. కానీ దాని నీడలో మనకు ఒక అలవాటు పట్టుకుంది: కార్డు అంటూ ఒకటి ఉంటే చాలు, ఏ కార్డైనా ఒకటే అన్న అలవాటు. విదేశంలో మన ఒంటికి తగిలిన దెబ్బకు మనం కొనుక్కున్న ప్రయాణ బీమా దగ్గరికి వచ్చేసరికి ఆ రక్షణ ఏదీ ఉండదు. అక్కడ మూడో వ్యక్తి లేడు. మనమూ, మనం సంతకం పెట్టిన షరతులూ మాత్రమే ఉంటాయి. కొన్ని పాలసీలు ద్విచక్ర వాహన ప్రమాదాలను పూర్తిగా మినహాయిస్తాయి, కొన్ని 125 సీసీ దాటితే మినహాయిస్తాయి. కొనేముందు ఆ ఒక్క పేరా అయినా చదవాలి.

విదేశాల్లో లైసెన్సు పరిమితులు మన కన్నా ఎంత సూక్ష్మంగా ఉంటాయో తెలుసుకున్నాక నాకు ఆశ్చర్యం కలిగింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2013 జనవరి నుంచి అమలులో ఉన్న విధానంలో మోటారు సైకిళ్లకు మెట్లు ఉన్నాయి. ఎ1 అనే మొదటి మెట్టులో 125 సీసీ, 11 కిలోవాట్ల శక్తి మించకూడదు. ఎ2లో 35 కిలోవాట్లు మించకూడదు. అంతేకాక, అంతకు రెట్టింపు శక్తి దాటిన బండిని అణచి 35కు దించి నడుపుతామన్నా ఒప్పుకోరు. పరిమితి లేని ఎ లైసెన్సు నేరుగా కావాలంటే సాధారణంగా 24 ఏళ్లు నిండాలి, లేదా ఎ2 మీద రెండేళ్లు నడిపి ఉండాలి. సింగపూరులో 200 సీసీ దాకా 2బి, 400 దాకా 2ఎ, ఆ పైన 2. ఒక్కో మెట్టు మీద కనీసం ఏడాది ఉంటే గాని పై మెట్టు పరీక్షకు రానివ్వరు. ఆస్ట్రేలియాలో కొత్తగా నేర్చుకున్నవాళ్లకు 660 సీసీ పరిమితితో పాటు, బండి బరువు టన్నుకు 150 కిలోవాట్ల శక్తి మించకూడదన్న లెక్క కూడా ఉంది. లెక్కల మాస్టారుగా నాకు నచ్చిన నిబంధన ఇదే, ఎందుకంటే బండి ఎంత పెద్దదన్నది కాదు, తన బరువును ఎంత విసురుగా లాగుతుందన్నదే ప్రమాదం.

మన దగ్గర ఈ మెట్లు లేవు. పదహారేళ్లకు 50 సీసీ మించని బండి, పద్దెనిమిది దాటితే గేరు ఉన్నదా లేనిదా, అంతే. ఆర్టీఏ మైదానంలో వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె తిప్పి చూపించిన పిల్లవాడు మరునాడే 650 సీసీ బండి ఎక్కవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మన కుర్రకారు మోజుపడే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండి శక్తి 47 హార్స్ పవరు, అంటే సుమారు 35 కిలోవాట్లు. అది ఐరోపా ఎ2 గీత కిందికి సరిగ్గా ఇమిడే బండి. అక్కడ రెండో మెట్టుకు చివర ఉన్న బండి ఇక్కడ మొదటి రోజుకే దొరుకుతుంది. మన గేరు లైసెన్సుకు విదేశాల్లో సీసీ పరిమితి లేనట్టు కనబడడం దాని గొప్పతనం కాదని నా అభిప్రాయం. మనం పరీక్షించని నైపుణ్యానికి కూడా మన ముద్ర పడుతోంది.

మా వీధిలోని ఒక స్నేహితుని కొడుకు లెస్టరులో చదువుకుంటున్నాడు. అతని సంగతి మరో రకం. బ్రిటన్‌కు వెళ్లిన భారతీయులు మన లైసెన్సులో ఉన్న రకం చిన్న వాహనాలను 12 నెలల దాకా దాని మీదే నడపవచ్చు. ఆ గడువు దాటిందంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే మన లైసెన్సును అక్కడి లైసెన్సుకు మార్చుకునే వీలున్న దేశాల జాబితాలో భారత్ లేదు. ఇతను ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి, 125 సీసీ బండి కొన్నాడు. ముందూ వెనుకా ఎర్ర ఎల్ అక్షరం పెట్టుకోవాలి, వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు, సీబీటీ రెండేళ్లకు చెల్లిపోతుంది. ఇవన్నీ అతనికి తెలుసు, పాటిస్తున్నాడు కూడా. అయితే వేసవి సెలవుల్లో ఓడ మీద బండి ఎక్కించుకుని ఫ్రాన్సు వెళ్లి రావాలని అనుకుంటున్నానని తండ్రికి ఫోనులో చెప్పాడు. మా ఇంట్లో జరిగింది విన్న తండ్రి నన్ను అడిగితే, నేను చదివి తెలుసుకున్నది ఇది: ఆ ప్రొవిజనల్ లైసెన్సు బ్రిటన్ లోపలే చెల్లుతుంది. సముద్రం దాటితే అది కాగితమే. కుర్రవాడికి చెబితే, లండన్‌లో చెల్లేది పారిస్‌లో ఎందుకు చెల్లదని వాదించాడట. చివరికి రైల్లో వెళ్తానన్నాడు.

ఇలాంటిదే జర్మనీలోనూ ఉంది. అక్కడ స్థిరపడ్డ నా పూర్వ విద్యార్థి ఒకరు చెప్పగా తెలిసింది. 25 ఏళ్లు నిండి, కారు లైసెన్సు అయిదేళ్లుగా ఉన్నవాళ్లు పరీక్ష లేకుండా కొంత శిక్షణ మాత్రమే తీసుకుని 125 సీసీ బండి నడిపే వీలు 2020 నుంచి కల్పించారు. దాన్ని బి196 అంటారు. ఎంతో సులువుగా ఉంది కదా అని చాలామంది తీసుకుంటారు. కానీ అది జర్మనీ సరిహద్దు దాటితే చెల్లదు, పక్కనే ఉన్న ఆస్ట్రియాలో కూడా. అదే ఎ1 పరీక్ష రాసి పాసైనవాడు ఐరోపా సమాఖ్య అంతటా నడపవచ్చు. సులువుగా వచ్చిన దానికి పొలిమేర దగ్గరగా ఉంటుంది. మన లైసెన్సు మీద జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి ఆరు నెలలు మాత్రమే నడపవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ పట్టుకుని వెళ్తే ఆ ఆరు నెలలు కూడా లేవు. నేర్చుకునేవాళ్ల లైసెన్సును వాళ్లు లెక్కలోకే తీసుకోరు.

ఎల్‌ఎల్‌ఆర్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. అది ఇచ్చిన నాటి నుంచి ఆరు నెలలు చెల్లుతుంది. దాని మీద ఐడీపీ రాదు. ఇక్కడ కూడా ఎల్ బోర్డు ఉండాలి. వెనుక నేర్పేవాడు తప్ప మరొకరు కూర్చోకూడదు. ఎల్‌ఎల్‌ఆర్‌తోనే విమానం ఎక్కి, గోవాలో నడిచింది కదా బాలీలోనూ నడుస్తుందనుకునే వాళ్లను నేను స్వయంగా చూశాను. అలాగే పదహారేళ్ల పిల్లలకు 50 సీసీకి ఇచ్చే లైసెన్సును పరాయి దేశం గుర్తించనక్కరలేదు. 1949 ఒడంబడిక మామూలుగా కోరే వయసు 18 ఏళ్లు.

ఐడీపీ సరైనదే అయినా ప్రతి దేశంలో చెల్లుతుందన్న హామీ లేదన్నది మరో సంగతి. జపాను 1949 ఒడంబడిక ఐడీపీలనే గుర్తిస్తుంది కనుక మనది అక్కడ పనికొస్తుంది. వియత్నాం 1968 నాటి వియన్నా ఒడంబడిక ప్రకారం ఇచ్చిన ఐడీపీలను గుర్తిస్తుంది. ఆ ఒడంబడికలో మనం చేరలేదు. అంటే హా జియాంగ్ కొండల్లో మన ఐడీపీ చూపించి నూటపాతిక సీసీ బండి నడిపే మన కుర్రవాడు, గేరు లైసెన్సు ఉన్నవాడైనా సరే, చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడే. 50 సీసీ లోపు బండికి అక్కడ లైసెన్సు అవసరం లేదు. కొండ ఎక్కాలంటే అది చాలదన్న మాట వేరు. శ్రీలంకలో ఐడీపీ చూపించి అక్కడి ఆమోదపత్రం తీసుకున్నాకనే నడపాలి. నేపాలుకు మాత్రం మన లైసెన్సే చాలు. సొంత బండి మీద వెళ్లేవాళ్లు సరిహద్దులో భన్సార్ అనే సుంకం కట్టి కాగితం రాయించుకుంటే సరిపోతుంది. అద్దె దుకాణాల వాళ్లు ఇవేవీ చెప్పరు. వాళ్లకు కావలసింది అద్దె, జామీను. కొందరు పాస్‌పోర్టే తాకట్టు పెట్టుకుంటారు, అది ఎన్నటికీ ఇవ్వకూడదు. బండి ఇచ్చారు కనుక నడిపే హక్కు ఉన్నట్టే అనుకోవడం, ఎరువుల దుకాణంలో మందు అమ్మారు కనుక ఏ చేనుకైనా కొట్టవచ్చు అనుకోవడం లాంటిది.

ఈ విషయంలో నేను అధికారులను నిందించడానికి రాయడం లేదు. ఐడీపీ ఇవ్వడంలో ప్రభుత్వం మంచి మార్పులే చేసింది. విదేశంలో ఉండగా గడువు ముగిసినవాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారానే తిరిగి పొందే వీలు 2021 జనవరిలో వచ్చింది. 2022 ఆగస్టులో దేశమంతటా ఐడీపీకి ఒకే నమూనా తెచ్చి, దాన్ని అసలు లైసెన్సుతో కలిపే క్యూఆర్ కోడు పెట్టారు. నా దృష్టిలో ఆ క్యూఆర్ కోడు వల్ల ఒక మెలిక కూడా వచ్చింది: ఇంతకుముందు మన కార్డులోని అక్షరాలు తెలియని పరాయి దేశపు గుమాస్తాకు కూడా ఇప్పుడు అసలు లైసెన్సు దాకా దారి దొరికింది. కాబట్టి ఐడీపీ ఇచ్చే రోజునే దరఖాస్తుదారునికి అతని కార్డులో ఉన్నదేమిటో చెప్పడం అవసరమని నా మనవి. గేరు లేని రకం మాత్రమే ఉన్న కార్డు వచ్చినప్పుడు, ఈ ముద్ర స్కూటర్లకే వర్తిస్తుంది, గేరు బండి నడపకండి అని కౌంటరు దగ్గర ఒక్క మాట చెబితే చాలు. అచ్చ తెలుగులో ఒక చిన్న కాగితం చేతికిస్తే ఇంకా మంచిది. దానికి కొత్త చట్టం అక్కరలేదు. టికెట్లూ హోటళ్లూ బీమా కలిపి అమ్మే మన ఊరి ట్రావెల్స్ వాళ్లు కూడా, ప్రయాణంలో బండి అద్దెకు తీసుకుంటారా అని అడిగి, తీసుకుంటామంటే కార్డు ఒకసారి తిప్పి చూస్తే వాళ్ల వ్యాపారానికి వచ్చే నష్టం లేదు.

కార్డులో గేరు రకం చేర్పించుకోవడం పెద్ద పని కూడా కాదు. దరఖాస్తు పెట్టి, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, 30 రోజులు నిండాక గేరు బండి మీద పరీక్ష ఇస్తే అదే కార్డులో చేరుస్తారు. స్కూటీల మీద పరీక్ష ఇచ్చిన ఆడపిల్లలు మన జిల్లాలో వేలమంది ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి గేరు బండితో పని ఉండదు, అందులో లోపమేమీ లేదు. విదేశంలోనూ స్కూటరే అద్దెకు తీసుకుంటే వాళ్లు నిశ్చింతగా తిరగవచ్చు. మా మేనల్లుడు ఆ కొండదారిలో స్కూటరు తీసుకుని ఉంటే ఎముక ఎలాగూ విరిగేదేమో, చెలక మాత్రం తాకట్టుకు వెళ్లేది కాదు.

ఇప్పుడు అతను కర్ర సాయం లేకుండానే నడుస్తున్నాడు. మళ్లీ బండి ఎక్కవద్దని చెల్లెలు నెల రోజులు పట్టుబట్టింది. ఎక్కకుండా ఉండడని తెలిశాక, ఎక్కితే కాగితం సరిచేసుకుని ఎక్కమని నేను చెప్పి ఒప్పించాను. పోయిన వారం గేరు రకానికి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. నెల నిండగానే నల్లగొండ ఆర్టీఏ మైదానంలో ఎనిమిది అంకె తిప్పాలి. ఆ రోజు నేనూ వెంట వెళ్తున్నాను. అక్కడే ఐడీపీ కౌంటరు దగ్గర నిలబడి, గేరు లేని కార్డుకు కూడా ఎ ముద్రే వేస్తారా, వేస్తే ఆ మాట చెప్పి వేస్తారా అని అడగదలచుకున్నాను. వారు చెప్పిన జవాబును మీ పత్రికకు మరో ఉత్తరంలో రాస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
రామగిరి, నల్లగొండ.